బిల్డ్‌కి పాత్ ఇచ్చి కొన్ని స్టెప్పులే నడపడం: ఉంచాలా, ఆపేయాలా?

మిర్చి_డేటా (గుంటూరు):
మిర్చి ధరల రిపోర్టులు తయారుచేసే చిన్న టీమ్ మాది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ మార్కెట్లకి విడివిడిగా సీఎస్‌వీ నుంచి గ్రాఫ్, గ్రాఫ్ నుంచి పీడీఎఫ్, అన్నీ మేక్ అనే బిల్డ్ టూల్‌తోనే (ఏ ఫైల్ మారిందో చూసి, దాన్నుంచి వచ్చేవి మళ్లీ తయారుచేస్తుంది). మొత్తం నడిస్తే 14 నిమిషాలు. అందుకే ఎవరికి కావాల్సిన పీడీఎఫ్ పాత్ వాళ్లు కమాండ్‌లో ఇచ్చుకుంటాం. పోయిన వారం మిర్చి రకాల పట్టికలో 341 రకాన్ని 334 రకం నుంచి విడదీసి, గుంటూరు పీడీఎఫ్ పాత్ ఇచ్చి మేక్ కొట్టాను. "అప్ టు డేట్" అంది, నమ్మి పంపేశాను. తేజ రకం వరుస కరెక్టే, 334 సగటు మాత్రం పాతదే. యార్డు నుంచి ఒక వ్యాపారి ఫోన్ చేసేదాకా తెలియలేదు, ఆ రోజంతా టెన్షన్. ఇప్పుడు టీమ్‌లో సగం మంది పాత్ ఇవ్వడమే ఆపేద్దాం అంటున్నారు. మీరేమంటారు?

బందరు_రోడ్డు (విజయవాడ):
ఆపేయండి. బెల్ ల్యాబ్స్‌లో ఒకాయన సరిచేసిన ఫైల్ కంపైల్ కాలేదని గమనించక, బాగున్న ప్రోగ్రామ్‌లోనే పొద్దుటంతా తప్పు వెతుక్కున్నాడు, 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాయడానికి కారణం అదే. ఏది మళ్లీ నడవాలో మనిషి గుర్తుపెట్టుకోలేడనే కదా ఆ టూల్ పుట్టింది, మళ్లీ పాత్ ఇచ్చి ఆ భారం మన నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

కొరిటెపాడు_లైనక్స్:
అన్నా, ఇక్కడ తప్పు పాత్‌ది కాదు. పాత్ ఇచ్చినా, దానికి కావాల్సిన వెనక స్టెప్పులన్నీ మేక్ చూస్తుంది. కానీ రకాల పట్టికని మేక్‌ఫైల్‌లో (ఏది దేన్నుంచి తయారవ్వాలో రాసే ఫైల్) డిపెండెన్సీగా, అంటే ఇది మారితే అది మళ్లీ తయారవ్వాలని, రాస్తేనే చూస్తుంది. వీళ్లు రాయలేదని నా అనుమానం. అదే నిజమైతే పాత్ లేకుండా నడిపినా ఆ పీడీఎఫ్ కదలదు. మిర్చి_డేటా గారు, పాత మేక్‌ఫైల్‌తో ఒకసారి అలా నడిపి చూడండి.

నాకు అసలు భయం వేరే చోట. ఫైల్ పాత్ కాకుండా ఫోల్డర్ పేరు ఇస్తే? స్కాన్స్ అనే ఇంకో బిల్డ్ టూల్‌లో ఆ ఫోల్డర్ కింద తయారయ్యేవన్నీ నడుస్తాయి. బేజెల్ అనే టూల్‌లో ఫోల్డర్ పాత్ తర్వాత మూడు చుక్కలు పెడితే కింది వాటితో సహా అన్నీ. మేక్‌లో మాత్రం "రిపోర్ట్స్" అనే ఫోల్డర్ ఉండి, దాన్ని ఎలా తయారుచేయాలో చెప్పే రూల్ లేకపోతే, చేయాల్సిందేమీ లేదని చెప్పి సక్సెస్‌తో బయటికొస్తుంది! ఏమీ నడవలేదు, ఎర్రర్ కూడా రాలేదు. కొత్తగా చేరినవాళ్లకి ఇది ఎలా తెలుస్తుంది? పాత్ ఇచ్చాక ఒక్క స్టెప్పుకీ అది తగలకపోతే కచ్చితంగా ఎర్రర్ రావాలి.

పటమట_బిల్డ్స్:
దీనికి ఇంకోటి కలపండి. మేక్‌కి టార్గెట్ (తయారవ్వాల్సిన ఫైల్) పేరు అంటే అక్షరాలే. రూల్‌లో "రిపోర్ట్స్/గుంటూరు" అని ఉంటే, రూట్ నుంచి పూర్తి పాత్ ఇచ్చినా అది అదే ఫైల్ అని గుర్తుపట్టదు. ఫైల్ అప్పటికే డిస్క్ మీద ఉంటే మళ్లీ అదే మాట, చేయాల్సిందేమీ లేదని. మా టీమ్‌లో పాత్ ఇచ్చిన ప్రతిసారీ ముందు మైనస్ ఎన్ (నడపకుండా చూపించే ఆప్షన్) పెట్టి ఏ స్టెప్పులు నడుస్తాయో చూస్తాం.

మిర్చి_డేటా:
నడిపి చూశాను, కొరిటెపాడు గారు చెప్పిందే నిజం. పాత్ లేకుండా కూడా పీడీఎఫ్ కదల్లేదు. పట్టికని మూడు గ్రాఫ్‌లకీ డిపెండెన్సీగా రాశాను. ఇప్పుడు గుంటూరు పాత్ ఇస్తే గ్రాఫ్, పీడీఎఫ్ రెండూ కొత్తగా వచ్చాయి, ఖమ్మం కదల్లేదు.

బందరు_రోడ్డు:
డిపెండెన్సీ సంగతి ఒప్పుకుంటాను, నేను చూసుకోలేదు. కానీ ఖమ్మం కదల్లేదన్నారే, నేను మొత్తుకునేది దాని గురించే. పట్టిక ఒకటే, ఇప్పుడు రెండు రిపోర్టులు రెండు రకాల లెక్క చూపిస్తున్నాయి. రెండూ ఒకే ఫోల్డర్‌లో, ఒకే తేదీతో.

కొరిటెపాడు_లైనక్స్:
అది నిజమే అన్నా, దానికి నా దగ్గర జవాబు లేదు. మనం ఇచ్చేది తయారవ్వాల్సిన దాని పాత్, మార్చినదాని పాత్ కాదు. నింజా అనే బిల్డ్ టూల్‌లో సోర్స్ ఫైల్ పేరు చివర క్యారెట్ గుర్తు పెట్టొచ్చు గానీ, దాన్నుంచి వచ్చే మొదటి అవుట్‌పుట్ ఒక్కటే తయారవుతుంది, వాడుకునేవన్నీ కాదు. అందుకే, సీఎస్‌వీ ఒక్కటే మారిన రోజు పాత్ ఇచ్చుకోండి, పట్టిక ముట్టుకున్న రోజు మాత్రం 14 నిమిషాలూ ఆగండి.