దుమ్ము దులిపాక ల్యాప్‌టాప్ ఇంకా వేడెక్కిపోతోంది, నత్తలా నడుస్తోంది

కాటా_గది (తణుకు దగ్గర):

రైస్ మిల్లు కాటా గదిలో బిల్లులకి వాడే ల్యాప్‌టాప్ అండి. ఎనిమిదో తరం ఐ5 యూ సిరీస్, 8 జీబీ ర్యామ్ (4 ప్లస్ 4), 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. ఫ్యాన్ మోత ఎక్కువైందని వెనక మూత విప్పి శుభ్రం చేశాం. గాలి బయటికొచ్చే పక్క సందులోంచి పంచర్ షాపు కంప్రెసర్‌తో లోపలికి గాలి కొట్టాం. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే రాగి భాగం) స్క్రూలు నాలుగూ విప్పి, కాస్త పైకెత్తి, కింద బ్రష్‌తో దులిపి మళ్లీ బిగించేశాం. ఆ రెండింటి మధ్య ఉండే థర్మల్ పేస్టు మార్చలేదు. ర్యామ్ రెండూ తీసి, రబ్బరుతో రుద్ది పెట్టాం.

ఇప్పుడు ముందుకన్నా అన్యాయంగా ఉంది. 5 నిమిషాలకే ఫ్యాన్ హోరు, కీబోర్డు పై వరస కాలుతోంది, పావుగంటకి దానంతటదే ఆగిపోతోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా బిల్లు తెరుచుకోడానికి నిమిషం పడుతోంది. ఫ్యాన్ మార్చాలా? ప్రాసెసర్ పోయిందంటారా?

వశిష్ఠ_గట్టు:

ప్రాసెసర్ పోతే మామూలుగా అసలు ఆన్ అవ్వదండి, ఆ బెంగ వదిలేయండి. ఏదైనా కొనేముందు, వేడి వల్లే నెమ్మదించిందా, నెమ్మదికి వేరే కారణం ఉందా అన్నది తేలాలి.

ఈ ప్రాసెసర్‌కి హద్దు 100 డిగ్రీలు. ఆ దరిదాపుల్లోకి వెళ్లగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అలా కాకుండా 50, 60 డిగ్రీల్లో ఉండగానే టాస్క్ మేనేజర్‌లో వేగం 0.4 దగ్గరో 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో అతుక్కుపోయి కదలకపోతే అది వేడి గొడవ కాదు. ఛార్జర్‌ని మదర్‌బోర్డు గుర్తించకపోయినా, బ్యాటరీ కనెక్టరు సరిగ్గా కూర్చోకపోయినా అలా అవుద్ది. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన హెచ్చరికలు రాసుకునే చోటు) 37 నంబరు హెచ్చరిక కూడా కనబడొచ్చు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపించే ప్రోగ్రాము) పెట్టి చూసి చెప్పండి: పని మొదలెట్టగానే వేడి ఒక్క ఉదుటున ఎక్కుతోందా, మెల్లగా ఎక్కుతోందా? ప్రాసెసర్‌లోని నాలుగు కోర్ల (పని చేసే విడి భాగాల) మధ్య వేడి తేడా ఎంత? బయటికొచ్చే గాలి ఎలా ఉంది? టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఎన్ని జీబీలు చూపిస్తోంది?

కాటా_గది:

చూశానండి. ఖాళీగా ఉంటే 58. బిల్లింగ్ తెరవగానే మూడు సెకన్లలో 96. కోర్లు 97, 95, 84, 82. వేగం 1.1కి పడిపోతోంది. గాలి నీరసంగా, గోరువెచ్చగా వస్తోంది. మెమరీ 4 జీబీయే చూపిస్తోంది, 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర రెండింట్లో ఒకటి అని ఉంది. గదిలో ఏసీ లేదు, మధ్యాహ్నం 36 డిగ్రీలు ఉంటాది.

రాగి_గొట్టం:

అయితే మూడు తప్పులు కలిసి వచ్చాయండి మీకు.

పొద్దున్నే నెమ్మదిగా ఉండటం ర్యామ్ పుణ్యం. ఒక ముక్క కూర్చోలేదు, ఉన్న 4 జీబీ నిండిపోయి విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద పడి ఈడుస్తోంది. ముక్కని దాదాపు 30 డిగ్రీల వాలులో పెట్టి, బంగారు గీతలు కనీకనబడనంతగా లోపలికి తోసి, అప్పుడు కిందికి నొక్కాలి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. రబ్బరు పొడి స్లాట్‌లో ఇరుక్కుని ఉండొచ్చు, మెత్తటి బ్రష్‌తో తీయండి.

ఇక అసలు సంగతి. మూడు సెకన్లలో 96కి ఎగిరిందంటే ప్రాసెసర్ చిప్పులో వేడి హీట్‌సింక్ రాగిలోకి ఎక్కడం లేదు. దుమ్ము ఒక్కటే కారణమైతే ఐదు పది నిమిషాల మీద మెల్లగా ఎక్కుతుంది. ఎండిన పేస్టు ఒకసారి విడిపోయాక మళ్లీ అతకదు, మధ్యలో గాలి దూరుతుంది. కోర్ల మధ్య 15 డిగ్రీల తేడా చూస్తే హీట్‌సింక్ ఒక పక్కకి ఒరిగినట్టే ఉంది.

గాలి నీరసంగా రావడం కంప్రెసర్ పని. మీ ఊక దుమ్ము, మన డెల్టా చెమ్మ కలిస్తే ఫిన్ల (గాలి బయటికెళ్లే చోట ఉండే సన్నటి లోహపు రేకుల) మొహాన గొంగళి ముక్కలా పేరుకుంటుంది. బయట నుంచి గాలి కొడితే అది ఊడి ఫ్యాన్ గూట్లో పడుతుంది, ఫ్యాన్ తిరగ్గానే మళ్లీ వచ్చి ఫిన్లకే అంటుకుంటుంది. ఫ్యాన్ స్క్రూలు తీసి, లోపలి వైపు నుంచి పట్టకారుతో లాగాల్సిందే. ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూడండి, గరగరలాడితే బేరింగ్ పోయినట్టు. లేకపోతే కొత్త ఫ్యాన్ అక్కర్లేదు.

పేస్టు వేసే వరస: ల్యాప్‌టాప్‌ని 5 నిమిషాలు వేడెక్కనిచ్చి షట్‌డౌన్ చేయండి, పాత పేస్టు మెత్తబడుతుంది. ఛార్జర్ తీసి, మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టరు ఊడదీయండి. హీట్‌సింక్‌ని పెళ్లగించకుండా అటూ ఇటూ కొద్దిగా కదిపి లేపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, కళ్లద్దాల గుడ్డతో చిప్పూ రాగీ రెండూ అద్దంలా తుడవండి. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. ఎంఎక్స్-4 లాంటి మామూలు పేస్టు చాలు. కొలత మీ మిల్లులోనే ఉంది, ఒక బియ్యపు గింజంత. చిప్పు పొడుగ్గా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ ముక్కతో మూలలదాకా పల్చగా పరవండి. పక్కనున్న చిన్న చిప్పు మీద పాతది ఉంటేనే కొత్తది పెట్టండి.

బిగింపులోనే చాలామంది చెడగొడతారు. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చు ఉంటుంది, ఆ వరసలో వెళ్లండి. అంకెలు లేకపోతే ఎదురెదురు మూలలు. మొదటి చుట్టులో అన్నిటినీ రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పి, రెండో చుట్టులో ఆగేదాకా బిగించండి. ఆగాక బలం వాడొద్దు.

లంక_గాలి:

పైవన్నీ కరెక్టే. పంచర్ షాపు కంప్రెసర్ గురించి ఒక మాట. మన చెమ్మకి ఆ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, నూనె తుంపర కూడా వస్తుంది. కనెక్టర్ల మీద పచ్చటి చిలుం ఉందేమో టార్చి వేసి చూడండి. గాలి కొట్టాల్సొస్తే చేతి బ్లోయరే వాడండి, ఫ్యాన్ రెక్కని పుల్లతో ఆపి కొట్టండి.

పేస్టు తెచ్చేలోగా బిల్లులు ఆగకూడదంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' 100 నుంచి 99కి దించండి. టర్బో (ప్రాసెసర్ మామూలు వేగం దాటి పరిగెత్తడం) ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది, బిల్లింగ్‌కి ఆ వేగం సరిపోతుంది. రిపేరు అయ్యాక 100కి పెట్టేయండి, మర్చిపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి నెమ్మదిగా ఉందంటారు.

కాటా_గది:

ర్యామ్ సరిచేశాక 8 చూపిస్తోందండి, బిల్లు వెంటనే తెరుచుకుంటోంది. హీట్‌సింక్ తీస్తే పక్క చిప్పుల మీదున్న బూడిదరంగు ప్యాడ్ (వేడిని లోహానికి చేర్చే మెత్తటి ముక్క) ఒకటి చిరిగి ఉంది. దాని బదులు అక్కడా పేస్టే దట్టంగా పెట్టేయొచ్చా?

రాగి_గొట్టం:

వద్దండి. అక్కడ చిప్పుకీ లోహానికీ మధ్య అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో ఖాళీ ఉంటుంది, పేస్టు దాన్ని నింపి నిలవదు, కారిపోతుంది. అదే మందం ప్యాడ్ కావాలి. చిరగని ప్యాడ్ ఉంటే దాని నొక్కబడని అంచుని స్కేలుతో కొలవండి. 0.5, 1, 1.5 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. మందంగా ఉంటే మంచిదని ఎక్కువది తెచ్చారంటే హీట్‌సింక్ లేచిపోయి మళ్లీ మొదటికొస్తారు.

అంతా అయ్యాక వేడి 70 డిగ్రీలకి దిగలేదని కంగారు పడకండి. గది ఒక డిగ్రీ పెరిగితే చిప్పూ దాదాపు అంతే పెరుగుతుంది. మీ 36 డిగ్రీల గదిలో గట్టి పని మీద 80 నుంచి 88 మధ్య నిలబడి, కోర్ల తేడా 6, 7 డిగ్రీలు దాటకపోతే బాగున్నట్టే. దాళ్వా (రబీ) ధాన్యం దిగే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఊక ఎక్కువ, ఆ రోజుల్లో నెలకోసారి ఫ్యాన్ గూడు చూడండి. గాలి లోపలికెళ్లే కన్నాలకి గుడ్డ కట్టొద్దు.