యెరూషలేములో పని: పాత కథలు నిజంగా అడ్డొస్తాయా?

పాలకొల్లు కుర్రాడు:
మా అక్కకి యెరూషలేములో ముసలివాళ్ళని చూసుకునే పని కుదిరింది. ఆ ఊళ్ళో గొడవలన్నీ పాత కథల మీదేనని అందరూ భయపెడుతున్నారు. వేల ఏళ్ళ నాటి సంగతులతో పనికెళ్ళేవాళ్ళకి ఏం సంబంధమండీ? ఇంట్లో ఒకటే టెన్షన్. అక్కడున్నవాళ్ళు చెప్పరూ.

రాజోలు ఆడపడుచు:
తమ్ముడూ, నేనిక్కడ ఒక పెద్దావిడ దగ్గర పనిచేస్తున్నా. ఈ ఊళ్ళో టైంటేబుల్ వేసేదే ఆ కథలు. దేవుడు ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడు కాబట్టి యూదులకి శనివారం విశ్రాంతి రోజు, అందుకే శుక్రవారం మధ్యాహ్నం ఆగిన ట్రామ్ శనివారం చీకటి పడ్డాకే కదులుతుంది. ఆలోగా బయటికెళ్ళాలంటే పాత ఊరి కోటగోడకున్న దమస్కు గుమ్మం దాకా నడిచి అరబ్బుల బస్సు ఎక్కుతాను. 1948 నుంచి 1967 దాకా ఊరి మధ్య ముళ్ళకంచె ఉండేది, తూర్పు జోర్డాన్‌ది, పడమర ఇజ్రాయెల్‌ది. కంచె తీసేసినా బస్సులు మాత్రం ఎవరివి వాళ్ళవే.

ఇక గొడవలన్నిటికీ మూలమైన ఆ మందిరపు కొండ, పాత ఊళ్ళోనే ఉంది. సొలొమోను మందిరం కట్టింది, అబ్రాహాము ఇస్సాకును బలివ్వబోయింది అక్కడేనని యూదులు. ముహమ్మద్ ప్రవక్త ఆకాశానికి వెళ్ళింది అక్కణ్ణుంచేనని ముస్లింలు. యూదులు ప్రార్థన చీటీలు దోపే, కొండ పక్కనున్న పడమటి గోడకే ప్రవక్త తన వాహనం బురాక్‌ను కట్టేశాడని వీళ్ళ నమ్మకం. పైకెళ్ళే దారిలో యూదులు లోపలికి పోకూడదని రబ్బీల, అంటే యూదు మతగురువుల బోర్డు ఉంటుంది. మందిరంలోని అతి పరిశుద్ధ స్థలం ఎక్కడుండేదో తెలీదు, తొక్కేస్తారని భయం. మా పెద్దావిడది ఆ మాటే. మనవడేమో ఎక్కి వస్తాడు. ఆ రోజు భోజనాల దగ్గర చూడాలి! నేను ప్లేట్లు తీసే వంకతో వంటింట్లోకి జారుకుంటా.

నల్గొండ మాష్టారు:
అమ్మా, మా సంఘం వాళ్ళు టూరుకొస్తున్నారు. గుడ్డివాడు కడుక్కుని చూపు పొందిన సిలోయము కోనేరు చూశారా?

రాజోలు ఆడపడుచు:
చూశాను మాష్టారూ. సిల్వాన్ అనే అరబ్బుల పేటలో ఉంది. రోమన్ల కాలంలో జనం కోనేటి నుంచి మందిరానికి ఎక్కిన మెట్లదారిని ఇళ్ళ కిందుగా తవ్వారు. 2019లో దాని ప్రారంభానికి అమెరికా రాయబారే సుత్తి పట్టి గోడ పగలగొట్టాడు. తవ్వకాల వల్లే మా గోడలు బీటలిచ్చాయని పైనున్నవాళ్ళ గోల. నేను టీ తాగిన కొట్టు ఆసామి బీట చివర పెన్సిల్‌తో గీతపెట్టి పక్కన తేదీ రాసుకున్నాడు, ఇంకా పాకుతోందేమో చూసుకోడానికి. మా గైడు దావీదు రాజు గురించి గంట చెప్పాడు కానీ ఆ ఇళ్ళ ఊసెత్తలేదు. మీవాళ్ళని కాస్త తలెత్తి కూడా చూడమనండి.

పాలకొల్లు కుర్రాడు:
థాంక్సండీ అక్కా. మరి అక్క ముందుగా ఏం నేర్చుకోవాలి?

రాజోలు ఆడపడుచు:
వంటిల్లు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడకబెట్టొద్దని బైబిల్ నిర్గమకాండంలో ఉందిగా, నిష్ఠగా ఉండే ఇళ్ళల్లో మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు, కడిగే సింకులు కూడా వేరే. మన పెరుగేసిన కోడికూర అక్కడ కుదరదని ఇప్పుడే చెప్పెయ్యి.