మెలనోమా ఆపరేషన్ అయ్యాక విటమిన్ డి 11 వచ్చింది, ఏం చేయాలి?

పల్నాడు_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాన్నకి 63 ఏళ్ళు, వ్యవసాయం. మడమ కింద నల్లమచ్చ ఉండేది, ముల్లు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిందేమో అని ఆయన పట్టించుకోలేదు, అది పగిలి చెమ్మ కారడం మొదలయ్యాక బయాప్సీ చేస్తే మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అన్నారు. చుట్టూ వెడల్పుగా తీసేసి తొడ మీద చర్మం తెచ్చి అతికించారు, గజ్జల్లో గ్రంథి టెస్ట్ నెగటివ్, అంటే అక్కడికి పాకలేదట. ఇప్పుడు బ్లడ్ టెస్టుల్లో విటమిన్ డి 11 వచ్చింది. డి తక్కువ ఉన్నవాళ్ళకి ఈ క్యాన్సర్ ఎక్కువ తిరగబెడుతుందని నెట్‌లో చదివిన దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదు. బాబాయి రోజూ పొద్దున్నే లేత ఎండలో కూర్చోబెట్టమంటాడు, అత్తయ్యేమో ఎండ వల్లే కదా వచ్చింది గడప దాటనివ్వద్దు అంటుంది, ఊళ్ళో ఆర్ఎంపీ 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కటేస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి? అసలు జీవితమంతా ఎండలో ఉన్న రైతుకి డి తక్కువేంటండీ?

చర్మం_డాక్టర్_వైజాగ్:
ముందు ఆ ఇంజెక్షన్ వద్దని చెప్పండి. 2010లో ఆస్ట్రేలియా వాళ్ళు 70 దాటిన రెండువేల మందికి పైగా ఆడవాళ్ళ మీద ఒక ట్రయల్ బయటపెట్టారు, ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయి. మీ నాన్నగారు అతికించిన మడమతో ఆచితూచి నడుస్తున్న మనిషి, ఆయన పడకూడదు.

మీరు చదివింది నిజమే. 2009లో ఇంగ్లండ్‌లో లీడ్స్ వాళ్ళు 872 మందిని గమనిస్తే డి బాగా ఉన్నవాళ్ళకి కణితి మందం తక్కువ, తిరగబెట్టడమూ తక్కువ. 2016లో అమెరికాలో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు వెయ్యిమందికి పైగా చూసి దాదాపు అదే చెప్పారు. చిక్కెక్కడంటే జబ్బు ముదిరిన మనిషి బయట తిరగడు, సరిగ్గా తినడు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటే డి దానంతటదే పడిపోతుంది, కాబట్టి డి తగ్గి జబ్బు పెరిగిందా, జబ్బు వల్ల డి తగ్గిందా అనేది ఇలాంటి స్టడీల్లో తేలదు. ఆండర్సన్ వాళ్ళు ఇన్‌ఫ్లమేషన్ లెక్క పక్కనపెట్టి చూసినా సంబంధం పోలేదు, అందుకే ఎవరూ దీన్ని వదిలేయలేదు. తేలాలంటే కొందరికి డి, కొందరికి మందు లేని ఉత్తుత్తి డోసు ఇచ్చి చూడాలి, బెల్జియంలో లూవెన్ వాళ్ళు అదే చేశారు, మెలనోమా తీసేసిన 400 మందికి పైగా పేషెంట్లలో ఒక గుంపుకి నెలకి లక్ష యూనిట్లు ఇచ్చారు. డి పెరిగింది, జబ్బు తిరగబెట్టడంలో మాత్రం తేడా రాలేదు.

అలాగని 11ని వదిలేయమని కాదు, 20 కంటే తక్కువంటే లోపమే, ఎముకల కోసం, కండరాల కోసం సరిచేయాలి. ముందు కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీల టెస్ట్) చూసి, మామూలుగా వారానికొకటి 60,000 సాచెట్ 8 వారాలు రాస్తాం, తర్వాత చిన్న డోసు. మీ డాక్టర్‌తోనే రాయించుకోండి, సొంతంగా పొడిగించొద్దు, మోతాదు మించితే కాల్షియం పెరిగి కిడ్నీలకి ముప్పు.

ఇక ఎండ సంగతి. అరికాలి మెలనోమాకి ఎండ ప్రధాన కారణం కాదు, మన రంగు చర్మం వాళ్ళకి వచ్చేవి ఎక్కువగా అరికాలు, అరచేయి, గోళ్ళ కిందే. కాబట్టి ఆయన్ని ఇంట్లో బంధించక్కర్లేదు. మీ బాబాయి గారి లేత ఎండలో డి తయారయ్యేది చాలా తక్కువ, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళు చూస్తే మనవైపు 11 నుంచి 2 మధ్యే బాగా తయారవుతుందని తేలింది. ఆ టైంలో ఈ వయసాయన్ని ఎండలో కూర్చోబెట్టడం కంటే సాచెట్ మేలు. పొలం పనిచేసే పల్లెవాళ్ళలో కూడా చాలామందికి 20 లోపే ఉందని అదే స్విమ్స్ వాళ్ళ స్టడీలో ఉంది, నల్లచర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం డి తయారుచేసే ఎండ కిరణాల్ని పీల్చేసుకుంటుంది, పైగా తలపాగా, నిండు చొక్కా.

కరీంనగర్_బిడ్డ:
అన్నా, మా అమ్మకు గూడ గిదే, బొటనవేలి గోరు కింద. డి లెవల్ 40కి వచ్చిందని రిపోర్ట్ చూపిస్తే పెద్ద డాక్టర్ ఒక్కసారి చూసి పక్కన పెట్టిండు, గజ్జల్లో వేళ్ళతోని ఒత్తి ఒత్తి చూసిండు, కుట్ల చుట్టూ టార్చ్ ఏసి కొత్త నల్లచుక్క ఉందా అని వెతికిండు, రెండో కాలు గూడ వేళ్ళ సందులల్ల చూసిండు. గట్ల చూసుడు నాకు గూడ నేర్పిచ్చిండు. నువ్వు గూడ స్నానం అయినంక నాన్న కాళ్ళు చూస్తుండు, చెకప్ డేట్ మాత్రం తప్పనియ్యకు.

పల్నాడు_అబ్బాయి:
చాలా థ్యాంక్స్ డాక్టర్ గారూ, అక్కా. ఇంజెక్షన్ వద్దని చెప్పేశా. ఒకవేళ ముందుముందు ఇమ్యునోథెరపీ (ఒంట్లో రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) అవసరమైతే డి తక్కువుంటే పనిచేయదంటున్నారు, నిజమేనా?

చర్మం_డాక్టర్_వైజాగ్:
అది పోలండ్ వాళ్ళది, 2023లో వచ్చింది, ముదిరిన మెలనోమా ఉన్న 200 మంది. డి సరిపడా ఉన్నవాళ్ళలో 56 శాతం మందికి కణితి తగ్గింది, తక్కువుండి డి మందు వాడనివాళ్ళలో 36 శాతం మందికే. ఆశ కలిగించే లెక్కే, కానీ ఇదీ గమనించి చెప్పిందే, చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడగొట్టి చేసింది కాదు. మీ నాన్నగారి డి ఎలాగూ సరిచేస్తున్నారు కదా, ఆ కోర్సు అయ్యాక 3 నెలలకి డి, కాల్షియం రెండూ మళ్ళీ చేయించి ఆంకాలజిస్ట్‌కి (క్యాన్సర్ డాక్టర్‌కి) చూపించండి.