పిల్లల సినిమా సాయంత్రం: బస్టర్ కీటన్ – పనులు పంచుకుందాం

కల్చరల్ టీమ్: అందరికీ నమస్కారం. ఈసారి పాతకాలపు అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ మూకీ (మాటల్లేని సినిమా) వేద్దామని నా గట్టి కోరిక. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఇంగ్లీషు సినిమా మాటలు అందవు, ఇక్కడి పిల్లలకు తెలుగు సినిమా మాటలు సగమే అందుతాయి. మూకీ అయితే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకేసారి నవ్వుతారు.

హాల్ టీమ్: అక్కా, 'ది జనరల్' వేద్దామా? 1926లో మన ఆరిగన్‌లోనే, కాటేజ్ గ్రోవ్ దగ్గర తీశారు. నిజమైన రైలింజన్ని వంతెన మీద నుంచి నదిలోకి కూల్చారు!

కల్చరల్ టీమ్: అది గొప్ప సినిమానే తమ్ముడూ, కానీ అమెరికా అంతర్యుద్ధంలో హీరోది బానిసత్వాన్ని నిలబెట్టాలన్న దక్షిణాది పక్షం. బానిసత్వం గురించి పిల్లలతో మాట్లాడకుండా అది చూపించడం నాకు ఇష్టం లేదు, ఆ మాటకు ఈ సాయంత్రం చాలదు. 1924 నాటి 'షెర్లాక్ జూనియర్' వేద్దాం. 45 నిమిషాలే, చిన్నపిల్లలు కూడా కూర్చుంటారు. అందులో రైళ్ల నీళ్ల ట్యాంకు గొట్టంలోంచి దూకిన నీళ్ల ధాటికి కింద పడి కీటన్ మెడ ఎముక విరిగింది. ఆ సంగతి ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో గానీ బయటపడలేదు.

మ్యూజిక్ టీమ్: కాపీరైట్ ఇబ్బంది ఉందా అండీ?

కల్చరల్ టీమ్: సినిమాకు లేదు, అమెరికాలో గడువు తీరింది. కొత్త ప్రింట్లలో కలిపిన సంగీతానికి మాత్రం ఉండొచ్చు. అందుకే సౌండ్ ఆపేసి, మన పిల్లల చేతే వయొలిన్, మృదంగం వాయిద్దామా? తెర మీద వచ్చే అక్షరాలను ఎవరైనా మైకులో తెలుగులో చదవాలి.

పరిచయం నేను రాస్తాను. కీటన్ 1895లో కాన్సస్‌లో పుట్టి, అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కి, ప్రదర్శనలో భాగంగా నాన్న విసిరేస్తుంటే దెబ్బ తగలకుండా పడటం నేర్చుకున్నాడు. తను నవ్వకపోతేనే జనం ఎక్కువ నవ్వుతారని అక్కడే కనిపెట్టాడు. 1928లో ఎంజీఎం అనే పెద్ద స్టూడియోలో చేరాక సినిమా మీద పట్టు ఆయన చేతుల్లోంచి జారిపోయింది, తాగుడు పట్టుకుంది. దాన్ని దాచొద్దు. తర్వాత మళ్లీ నిలదొక్కుకున్నాడు, 1960లో గౌరవ ఆస్కార్ అందుకున్నాడు.

ఫుడ్ టీమ్: పులిహోర, పాప్‌కార్న్ మా బాధ్యత. సినిమాకు ముందా, తర్వాతా?

కల్చరల్ టీమ్: ముందే వదినా. మైకులో చదవడానికి ఒకరు, ప్రొజెక్టర్‌కు ఇద్దరు కావాలి, కింద చెప్పండి.