సంక్రాంతి నెలలో 'నెల' ఎవరిది?

పెరంబూరు నుంచి:
మా వీధిలో సగం తెలుగువాళ్లు, సగం తమిళులు. డిసెంబరు 16 రాగానే పక్కింటావిడ "మార్గళి పిఱందాచ్చు" (మార్గళి నెల పుట్టింది) అంటారు. మా అత్తగారు "అవునమ్మా, మేమూ నెలగంట పెట్టాం" (సంక్రాంతి నెల మొదలుపెట్టాం) అంటూ ముగ్గు మధ్యలో పేడముద్ద పెట్టి, దానికి గుమ్మడిపువ్వు గుచ్చుతారు. ఆవిడా అదే చేస్తారు, పూసణిపూ అంటారంతే. మరి మార్గళి, మార్గశిరం, ధనుర్మాసం అన్నీ ఒకటేనా అండీ? మావాడు అడిగి అడిగి తల తినేస్తున్నాడు.

మైలాపూరు నుంచి:
మార్గళీ ధనుర్మాసమూ ఒకటే. సూర్యుడు ధనూరాశిలో ఉన్నంతకాలం. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై భోగితో అయిపోతుంది. మార్గశిరం లెక్క వేరు. పున్నమినాడు చంద్రుడు మృగశిర దగ్గర ఉండే నెల కాబట్టి ఆ పేరు, అమావాస్య మర్నాడు మొదలవుతుంది. తమిళులు ఆ పేరునే తీసుకుని తమ సౌరమాసానికి పెట్టుకున్నారు, చిక్కంతా అక్కడే. 2023లో మార్గశిరం వచ్చిన నాలుగైదు రోజులకే ధనుర్మాసం పట్టారు. 2025లో ధనుర్మాసం వచ్చేసరికి బహుళ ద్వాదశి, ఇంకో నాలుగైదు రోజుల్లో పుష్యం.

నన్నడిగితే అసలు తమాషా 'నెల' అన్న మాటలో ఉంది. పాత తెలుగులో నెల అంటే చంద్రుడే. నెలవంక, నెలరేడు, నెలపొడుపు, శివుడికి నెలతాలుపు... ఇవన్నీ ఆ చంద్రుడే. తమిళంలో నిలా ఇప్పటికీ చంద్రుడే. చాంద్రమానం పాటించే మనం నెల అనడంలో వింత లేదు. కానీ ఏడాది పొడుగునా చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే మనవాళ్లు, సూర్యుణ్ణి బట్టి వచ్చే ఈ ముప్ఫై రోజులకి కూడా 'సంక్రాంతి నెల' అని పేరు పెట్టి, 'నెల పట్టారు', 'నెలగంట' అంటున్నారు. పేరు చంద్రుడిది, లెక్క సూర్యుడిది!

తమిళులదీ అదే కథ. తిరుప్పావై మొదటి పాశురం "మార్గళిత్ తింగళ్ మది నిఱైంద నన్నాళాల్" చూడండి. తింగళ్ అంటే నెల, చంద్రుడు కూడా. మది అంటే చంద్రుడు. సౌరమాసం గురించి చెబుతూ ఆండాళ్ ఒక్క పాదంలో రెండు చంద్రపదాలు వాడేసింది. కన్నడంలోనూ తింగళు అంటే రెండూ.

నెల్లూరు నుంచి:
అయ్యా, గీతలో "మాసానాం మార్గశీర్షోఽహం" అన్నది ధనుర్మాసం గురించేనని మా గుడిలో ఏటా చెబుతారే?

మైలాపూరు నుంచి:
భక్తితో చెబితే కాదనను. మాట ప్రకారం మాత్రం మార్గశీర్షం నక్షత్రాన్ని బట్టి వచ్చిన పేరు, పున్నమితో ముడిపడ్డది. రెండు లెక్కలూ కలిసే పండుగ కావాలంటే ముక్కోటి ఏకాదశి ఉంది. ధనుర్మాసంలో వచ్చే శుక్ల ఏకాదశి అది. తిథి చంద్రుడిది, నెల సూర్యుడిది. అందుకే 2024లో అసలు రాలేదు, 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఇంకొకటి వచ్చాయి. ఆ ఏడాది "రెండుసార్లు ఉపవాసమా!" అని మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది.

పెరంబూరు నుంచి:
అయితే తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై పాడేది మార్గశిరం చూసి కాదన్నమాట.

మైలాపూరు నుంచి:
కాదండీ, ధనుర్మాసం చూసే. ఇక్కడ కపాలీశ్వరుడి గుడిలో శివుడికి జరిపే ఆరుద్ర దర్శనం పండుగ కూడా మార్గళిలో తిరువాదిరై, అంటే మన ఆరుద్ర నక్షత్రం రోజునే. ఆరుద్ర మృగశిర పక్క నక్షత్రమే కాబట్టి అది దాదాపు పున్నమికే వస్తుంది, మళ్లీ చంద్రుడు దూరతాడు.

నెల్లూరు నుంచి:
మరి 'నెలగంట'లో గంట ఏమిటి? మా నాయనమ్మ 'నెలగంటు' అనేది. ఎవరి ఊళ్లో ఎలా అంటారో చెప్పండి. కర్నూలు, అనంతపురంవాళ్లు ఉంటే ముందు మీరే.