ఆడిట్ హిస్టరీలో కొన్ని మార్పులు లేవు, కొన్నిటికి వేరేవాళ్ల పేరు పడుతోంది: జాంగో, పోస్ట్‌గ్రెస్, పీజీబౌన్సర్

గోదాం_కోడ్:

హోల్‌సేల్ బిల్లింగ్ యాప్ ఇది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15, రెంటికీ మధ్య డేటాబేస్ కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్. అది ట్రాన్సాక్షన్ పూలింగ్ మోడ్‌లో ఉంది, అంటే ఒకరి ట్రాన్సాక్షన్ ముగియగానే ఆ కనెక్షన్ ఇంకొకరికి పోవచ్చు. యాప్ సర్వర్లు రెండు, రాత్రి జాబ్‌లని వెనకాల నడపడానికి సెలరీ. ఇన్వాయిస్ టేబుల్‌లో ఎవరు ఏం మార్చారన్న హిస్టరీని జాంగో సింపుల్ హిస్టరీ అనే లైబ్రరీ రాస్తుంది. పేమెంట్ల టేబుల్‌కి డేటాబేస్‌లోనే ట్రిగ్గర్ (రో మారగానే దానంతటదే నడిచే కోడ్) ఉంది. లాగిన్ అయిన యూజర్ ఐడీని ప్రతి రిక్వెస్ట్ చుట్టూ నడిచే మిడిల్‌వేర్‌లో సెట్ కమాండ్‌తో సెషన్‌కి పెడుతున్నాం, ట్రిగ్గర్ దాన్ని చదివి హిస్టరీలో రాసుకుంటుంది.

కనిపిస్తున్న తేడాలు ఇవీ. ఇన్వాయిస్‌లో డిస్కౌంట్ మారింది కానీ ఆ మార్పుకి హిస్టరీ రో లేదు. గడువు తేదీని ఒకరు మారిస్తే ఇంకొకరు మార్చినట్టు చూపిస్తోంది. పేమెంట్ల హిస్టరీలో ఆ సమయంలో ఆ స్క్రీనే తెరవని యూజర్ పేరు పడుతోంది. ఒకే ఇన్వాయిస్‌ని రెండు మూడు సెకన్ల తేడాలో ఇద్దరు మారిస్తే వరస తారుమారవుతోంది. ఎర్రర్ లాగ్‌లో ఏమీ లేదు.

ఆడిటర్‌కి చూపించాల్సిన డేటా ఇది, పైపైన సర్దితే సరిపోదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

క్వెరీ_గట్టు:

మీవి నాలుగూ ఒకే జబ్బు కాదండి. ముందు ఇన్వాయిస్ సంగతి చూద్దాం.

సింపుల్ హిస్టరీ పనిచేసేది సేవ్ తర్వాత జాంగో పంపే సిగ్నల్ మీద. క్వెరీసెట్ (ఒక క్వెరీకి వచ్చే రోల గుంపు) మీద అప్‌డేట్() పిలిచినా, బల్క్_అప్‌డేట్ వాడినా ఆ సిగ్నల్ రాదు, హిస్టరీ రో పడదు, ఎర్రర్ కూడా రాదు. మీ రాత్రి జాబ్‌లన్నిట్లో ఈ రెండు పేర్లూ గ్రెప్‌తో వెతకండి. బల్క్ పనికి ఆ లైబ్రరీలోనే బల్క్_అప్‌డేట్_విత్_హిస్టరీ ఉంది. మామూలు అప్‌డేట్()కి అలాంటిది లేదు.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. ఆ లైబ్రరీ రాసేది పాత విలువ, కొత్త విలువ జత కాదు, రో మొత్తం కాపీ. రాత్రి జాబ్ అప్‌డేట్()తో డిస్కౌంట్ మార్చిందనుకోండి, హిస్టరీలో ఏమీ ఉండదు. పొద్దున్నే ఒక క్లర్క్ అదే ఇన్వాయిస్ తెరిచి చిరునామాలో అక్షర దోషం దిద్ది సేవ్ చేస్తే, ఆ కాపీలోకి కొత్త డిస్కౌంట్ కూడా వస్తుంది. ముందు కాపీతో పోల్చి చూపించే స్క్రీన్‌లో డిస్కౌంట్ మార్చింది ఆ క్లర్కే అని కనిపిస్తుంది. చేయని పనికి ఆ మనిషి సంజాయిషీ ఇచ్చుకోవాలి. హిస్టరీ ఖాళీగా ఉండటం కన్నా ఇది చాలా చెడ్డది.

గడువు తేదీ విషయంలో ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఆ కాపీ తీసేది డేటాబేస్ రో నుంచి కాదు, పైథాన్ మెమరీలో ఉన్న ఆబ్జెక్ట్ నుంచి. ఇద్దరు ఒకేసారి ఇన్వాయిస్ తెరిచారు. మొదటివాళ్లు గడువు తేదీ మార్చి సేవ్ చేశారు. రెండోవాళ్ల ఆబ్జెక్ట్‌లో ఇంకా పాత తేదీయే ఉంది, వాళ్లు డిస్కౌంట్ మార్చి సేవ్ కొట్టారు. మామూలు సేవ్() అన్ని కాలమ్‌లనూ రాస్తుంది కాబట్టి తేదీ నిజంగానే వెనక్కి పోతుంది, హిస్టరీ కూడా ఆ మాటే చెబుతుంది. దీన్ని ఆపడానికి చాలామంది అప్‌డేట్_ఫీల్డ్స్‌లో డిస్కౌంట్ ఒక్కటే ఇస్తారు. అప్పుడు డేటాబేస్‌లో తేదీ భద్రం, హిస్టరీ కాపీలో మాత్రం మెమరీలోని పాత తేదీ పడుతుంది. అసలు టేబుల్ ఒకటి, హిస్టరీ ఇంకొకటి చెబుతాయి. మందు ఒక్కటే: ట్రాన్సాక్షన్ తెరిచి, సెలెక్ట్_ఫర్_అప్‌డేట్‌తో రోకి లాక్ వేసి చదివి, మార్చి, సేవ్ చేయడం. ఫారం తెరిచినప్పుడు చదివిన ఆబ్జెక్ట్‌ని సేవ్ దాకా మోసుకురావద్దు.

ఎన్ని రోలు తేడాగా ఉన్నాయో ఇలా తేల్చండి. ప్రతి ఇన్వాయిస్‌కీ చివరి హిస్టరీ రో తీసి, అసలు టేబుల్‌తో కాలమ్ వారీగా ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్‌తో పోల్చండి. మామూలు అసమానత గుర్తు వాడితే నల్ (విలువ లేకపోవడం) ఉన్న చోట తేడా బయటపడదు. పేమెంట్ల హిస్టరీలో పాత, కొత్త విలువలు రెండూ ఉంటాయి కాబట్టి ల్యాగ్ విండో ఫంక్షన్‌తో ముందు రోలోని కొత్త విలువ, ఈ రోలోని పాత విలువ ఒకటేనా అని చూస్తే చాలు. గొలుసు ఎక్కడ తెగిందో ఆ రో నంబర్లు, సమయాలు పక్కన పెట్టుకుని డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్ ఎక్కించిన) తేదీలతో, జాబ్ షెడ్యూల్‌తో పోల్చండి. తెగిన చోట్లన్నీ రాత్రి జాబ్ సమయానికే పడితే వెతకాల్సిన కోడ్ సగం తగ్గుతుంది.

పూల్_కాపరి:

పేమెంట్లలో వేరే యూజర్ పేరుకి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో సెషన్ స్థాయి సెట్ వాడకూడదు. మీ సెట్ కమాండ్ ఒక సర్వర్ కనెక్షన్ మీద నడిచి ముగుస్తుంది, ఆ కనెక్షన్ పూల్‌లోకి తిరిగి వెళ్తుంది, యూజర్ ఐడీ దానిమీద అలాగే అంటుకుని ఉంటుంది. తర్వాత ఇంకెవరి ఇన్సర్ట్ దానిమీద పడితే వాళ్ల పేమెంట్‌కి ఈ ఐడీ. కనెక్షన్‌ని శుభ్రం చేసే సర్వర్ రీసెట్ క్వెరీ డీఫాల్ట్‌గా నడిచేది సెషన్ పూలింగ్‌లోనే, ఇక్కడ అది కాపాడదు.

రెండు నిమిషాల్లో రుజువు చూసుకోవచ్చు. స్టేజింగ్‌లో (పరీక్షల సర్వర్ మీద) డీఫాల్ట్ పూల్ సైజ్ 1 చేయండి. ఒకే యూజర్, ఒకే డేటాబేస్‌తో రెండు పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్) విండోలు పీజీబౌన్సర్ మీదుగా తెరవండి. మొదటి దాంట్లో సెట్ చేసి, రెండో దాంట్లో కరెంట్_సెట్టింగ్ అడగండి. మొదటి విండోలో పెట్టిన విలువే వస్తుంది.

సరిచేయడానికి సెట్ బదులు సెట్_కాన్ఫిగ్‌ని మూడో ఆర్గ్యుమెంట్ ట్రూతో పిలవాలి. అప్పుడు అది ఆ ట్రాన్సాక్షన్‌తోనే పోతుంది. కానీ ఇక్కడ మూడు గోతులున్నాయి.

ట్రాన్సాక్షన్ తెరవకుండా పిలిస్తే ఆ ఒక్క స్టేట్‌మెంట్‌తోనే విలువ పోతుంది, హిస్టరీలో యూజర్ ఖాళీ. జాంగోలో ప్రతి రిక్వెస్ట్‌నీ ట్రాన్సాక్షన్‌లో పెట్టే అటామిక్_రిక్వెస్ట్స్ సెట్టింగ్ డీఫాల్ట్‌గా ఫాల్స్, గమనించండి.

ట్రూ చేసినా అది చుట్టేది వ్యూని (రిక్వెస్ట్‌కి జవాబు తయారుచేసే ఫంక్షన్‌ని) మాత్రమే. మిడిల్‌వేర్ ఆ ట్రాన్సాక్షన్ బయటే నడుస్తుంది, కాబట్టి ఇప్పుడున్న చోటే ఉంచితే పనిచేయదు. సెట్_కాన్ఫిగ్ పిలుపుని వ్యూ లోపలికి, అంటే ఒక డెకరేటర్‌లోకో బేస్ క్లాస్‌లోకో తేవాలి. మిడిల్‌వేర్‌లోనే అటామిక్ బ్లాక్ (ట్రాన్సాక్షన్) తెరుద్దామని కొందరంటారు. వ్యూలో వచ్చిన ఎక్సెప్షన్ మిడిల్‌వేర్‌కి చేరేసరికి 500 రెస్పాన్స్‌గా మారిపోయి ఉంటుంది, అందుకని ఆ బ్లాక్ రోల్‌బ్యాక్ (రద్దు) కాకుండా కమిట్ (ఖరారు) అయిపోతుంది. లోపల అటామిక్_రిక్వెస్ట్స్ కూడా ఉంటేనే అది క్షేమం.

మూడోది చిన్నదే కానీ విసిగిస్తుంది. ఆ కనెక్షన్ మీద ఒకసారి ట్రాన్సాక్షన్ స్థాయిలో పెట్టిన సెట్టింగ్, ట్రాన్సాక్షన్ అయ్యాక నల్ అవదు, ఖాళీ స్ట్రింగ్ అవుతుంది. ట్రిగ్గర్‌లో దాన్ని నేరుగా ఇంటీజర్‌కి మారిస్తే ఎర్రర్ వచ్చి పేమెంటే ఆగిపోతుంది. నల్ఇఫ్‌తో ఖాళీ స్ట్రింగ్‌ని నల్ చేసి తర్వాత మార్చండి.

గోదాం_కోడ్:

ఇద్దరికీ ధన్యవాదాలు. పూల్ సైజ్ 1 పరీక్షలో అచ్చం అలాగే వచ్చింది. రాత్రి జాబ్‌లో అప్‌డేట్() దొరికింది. బ్యాలెన్స్‌ని ఎఫ్() ఎక్స్‌ప్రెషన్‌తో (లెక్కని డేటాబేస్‌లోనే చేయించేది) తగ్గించి సేవ్ చేస్తే హిస్టరీ ఇన్సర్ట్ దగ్గర ఎర్రర్ వచ్చిందని ఎవరో అప్‌డేట్()కి మార్చారు, కామెంట్ కూడా ఉంది.

అయితే హిస్టరీ లేని ఇన్వాయిస్‌లు కొన్ని పగటి పూటవి. ఆ దారిలో మామూలు సేవ్() మాత్రమే ఉంది. అదెలా? ఇంకోటి, ఇన్వాయిస్‌ని కూడా ట్రిగ్గర్‌కి మార్చేస్తే ఈ గొడవలన్నీ పోతాయా?

నియమం_128:

పగటివాటికి జవాబు: అటామిక్_రిక్వెస్ట్స్ ఫాల్స్ ఉన్నప్పుడు మామూలు మోడల్‌కి సేవ్() చేసే అప్‌డేట్ ముందే కమిట్ అవుతుంది, సిగ్నల్ ఆ తర్వాత వస్తుంది, హిస్టరీ ఇన్సర్ట్ విడిగా కమిట్ అవుతుంది. ఈ రెంటి మధ్య వర్కర్ టైమ్‌అవుట్ అయి చంపబడినా, డిప్లాయ్ రీస్టార్ట్ పడినా మార్పు ఉంటుంది, హిస్టరీ ఉండదు. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండి తీరాలి.

ట్రిగ్గర్‌కి మారమనే నా సలహా. అప్‌డేట్() అయినా, ఎవరైనా పీఎస్‌క్యూఎల్‌లో చేత్తో మార్చినా, కాపీ కమాండ్‌తో లోడ్ చేసినా రో ట్రిగ్గర్ నడుస్తుంది, అదే ట్రాన్సాక్షన్‌లో రాస్తుంది. రోల్‌బ్యాక్ అయితే హిస్టరీ కూడా పోతుంది, జరగని మార్పుకి రికార్డు మిగలదు. విలువలు డేటాబేస్ రో నుంచే వస్తాయి కాబట్టి మెమరీలోని పాత తేదీ బెడద లేదు. చేత్తో రాసుకోవడం ఇష్టం లేకపోతే జాంగో పీజీహిస్టరీ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

రాసుకునేటట్టయితే: అప్‌డేట్‌కి ఒక ట్రిగ్గర్, ఇన్సర్ట్, డిలీట్‌లకి ఇంకొకటి పెట్టండి. పాత రో కొత్త రోకి తేడా ఉంటేనే నడవాలన్న వెన్ షరతు అప్‌డేట్‌కే కుదురుతుంది. అది లేకపోతే ఏమీ మార్చకుండా సేవ్ కొట్టిన ప్రతిసారీ ఖాళీ ఎంట్రీ పడుతుంది. హిస్టరీ రోలో టేబుల్ పేరు, ప్రైమరీ కీ, పాత, కొత్త రోలు జేసన్‌బీగా (పోస్ట్‌గ్రెస్‌లోని జేసన్ రూపం), ట్రాన్సాక్షన్ ఐడీ, యాప్ యూజర్ ఐడీ, వీటితోపాటు సెషన్_యూజర్ (డేటాబేస్‌లోకి లాగిన్ అయిన పేరు) తప్పకుండా ఉంచండి. యాప్ యూజర్ ఖాళీగా ఉండి సెషన్_యూజర్‌లో డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడి) పేరుంటే అది చేత్తో చేసిన మార్పని తెలుస్తుంది. సెలరీ జాబ్‌లకి ఒక్కోదానికీ విడి సిస్టమ్ యూజర్ ఇవ్వండి, ఖాళీ వదలొద్దు.

ట్రిగ్గర్‌ని దాటిపోయే దారులూ ఉన్నాయి. టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేసే ట్రంకేట్‌కి రో ట్రిగ్గర్ నడవదు, దానికి స్టేట్‌మెంట్ స్థాయి ట్రిగ్గర్ విడిగా పెట్టి, అందులో ఎర్రర్ ఇచ్చి ఆపేయడం మేలు. టేబుల్ ఓనర్ ట్రిగ్గర్‌ని డిసేబుల్ చేయగలడు. కాబట్టి యాప్ లాగిన్ అయ్యే రోల్ (డేటాబేస్ యూజర్) టేబుల్ ఓనర్ కాకూడదు, టేబుళ్ల నిర్మాణం మార్చే మైగ్రేషన్లు వేరే రోల్‌తో నడవాలి. ట్రిగ్గర్ ఫంక్షన్‌ని దాని ఓనర్ హక్కులతో నడిచేలా సెక్యూరిటీ డిఫైనర్ చేసి, సెర్చ్ పాత్ (టేబుల్ పేర్లని వెతికే చోట్ల వరస) అందులోనే బిగించి, హిస్టరీ టేబుల్ మీద యాప్ రోల్‌కి సెలెక్ట్ తప్ప ఏ హక్కూ ఇవ్వకండి.

మీ క్లయింట్లలో కంపెనీలుండి, లెక్కల పుస్తకాలు ఈ యాప్‌లోనే ఉంటే ఇది చట్టం విషయం కూడా. కంపెనీల అకౌంట్స్ నియమాలు 2014లోని 3(1) నియమం ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకి ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలి, అది ఆపడానికి వీల్లేనిదై ఉండాలి. ఏడాది పొడవునా అది నడిచిందా అని ఆడిటర్ కంపెనీల ఆడిట్, ఆడిటర్ల నియమాలు 2014లోని 11(జి) నియమం కింద రిపోర్ట్‌లో రాయాలి. ట్రిగ్గర్‌ని ఒక్క గంట డిసేబుల్ చేసి డేటా సర్దడం అందుకే మామూలు విషయం కాదు.

సమయ_రేఖ:

వరస తారుమారు గురించి ఎవరూ చెప్పలేదు. సింపుల్ హిస్టరీలో హిస్టరీ తేదీ యాప్ సర్వర్ గడియారం నుంచి వస్తుంది, క్రమం కూడా ఆ తేదీని బట్టే. రెండు సర్వర్ల గడియారాలు మూడు సెకన్లు తేడాగా ఉంటే మీరు చెప్పిందే జరుగుతుంది. గడియారాన్ని సరిగా ఉంచే క్రోనీ ఎలా ఉందో రెంటిమీదా క్రోనీసీ ట్రాకింగ్ కమాండ్ కొట్టి చూడండి.

ట్రిగ్గర్‌కి మారాక నౌ() వాడితే మళ్లీ అదే తిప్పలు. అది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం ఇస్తుంది. 10:00:00కి మొదలై లాక్ కోసం ఆగి 10:00:05కి రాసినది, 10:00:02కి మొదలై వెంటనే రాసినదానికన్నా ముందు కనిపిస్తుంది. క్లాక్_టైమ్‌స్టాంప్() వాడండి. ఒకే రో హిస్టరీని మాత్రం సీక్వెన్స్ నంబర్‌తోనే వరసపెట్టండి. రో లాక్ చేతిలో ఉండగానే ట్రిగ్గర్ రాస్తుంది కాబట్టి ఆ వరస తప్పదు. నంబర్ల మధ్య ఖాళీలు చూసి ఎవరో డిలీట్ చేశారనుకోకండి, రోల్‌బ్యాక్ అయినా సీక్వెన్స్ వెనక్కి రాదు.

రిపోర్ట్ స్క్రిప్ట్ యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక) తేదీ తీస్తోందేమో కూడా చూడండి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2:00కి చేసిన మార్పు మార్చి 31 రాత్రి 8:30గా పడి పాత ఆర్థిక సంవత్సరంలోకి వెళ్తుంది.

గోదాం_కోడ్:

గడియారాల్లో తేడా ఉంది, క్రోనీ ఒక సర్వర్ మీద ఆగిపోయి ఉంది. చివరి ప్రశ్న: ఇప్పటికే తప్పిపోయిన హిస్టరీని పాత బ్యాకప్‌ల నుంచి తిరిగి రాయొచ్చా?

క్వెరీ_గట్టు:

అదే టేబుల్‌లోకి, మామూలు ఎంట్రీల్లా మాత్రం వద్దండి. రెండు బ్యాకప్‌ల మధ్య విలువ మారిందని మీకు తెలుస్తుంది. ఎవరు, ఏ నిమిషాన అన్నది తెలియదు. విడి టేబుల్ పెట్టి ఇన్వాయిస్ నంబర్, కాలమ్, పాత విలువ, కొత్త విలువ, ఏ బ్యాకప్‌కీ ఏ బ్యాకప్‌కీ మధ్య అన్నది రాయండి, యూజర్ కాలమే ఉంచొద్దు. వాల్ (ప్రతి మార్పునీ పోస్ట్‌గ్రెస్ రాసుకునే లాగ్) ఆర్కైవ్ ఉంటే, డేటాని కోరిన క్షణానికి తెచ్చే పాయింట్ ఇన్ టైమ్ రికవరీతో ఆ విరామాన్ని నిమిషాల దాకా తగ్గించొచ్చు. స్క్రీన్ మీద ఆ ఎంట్రీలకి "బ్యాకప్ నుంచి తేల్చినది" అని పక్కన కనపడాలి. తప్పుగా పేరు పడిన పేమెంట్ రోలని కూడా దిద్దకుండా అలాగే ఉంచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా యూజర్ కాలమ్‌ని నమ్మలేమో లిఖితపూర్వకంగా ఆడిటర్‌కి ఇవ్వండి. ఆ ముగింపు తేదీ సెట్_కాన్ఫిగ్ మార్పు ప్రొడక్షన్‌లోకి వెళ్లి, పీజీబౌన్సర్ పాత సర్వర్ కనెక్షన్లన్నిట్నీ రీకనెక్ట్ కమాండ్‌తో మార్చేసిన క్షణం. డిప్లాయ్ క్షణం కాదు, పాత కనెక్షన్ల మీద పాత ఐడీలు అప్పటిదాకా ఉంటాయి.