ఒక్క సెమిస్టర్ విదేశం కోసం రెట్టింపు ఫీజు: ఇంటర్నేషనల్ బీబీఏ మీద మీ మాటేంటి?

గుంటూరు అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం. లెక్కలు బాగా చేస్తుంది, ఎకనామిక్స్ అంటే ఇష్టం. ఇంజినీరింగ్ వద్దని పదో తరగతిలోనే తేల్చి చెప్పేసింది. మొన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు కాలేజీకి వచ్చి నాలుగేళ్ల బీబీఏ గురించి చెప్పి వెళ్లారట. బిజినెస్‌తో పాటు ఇంటర్నేషనల్ స్టడీస్, మూడో ఏట ఒక సెమిస్టర్ యూరప్‌లో ఎక్స్‌ఛేంజ్. అదే క్యాంపస్‌లో మామూలు బీబీఏతో పోలిస్తే ఫీజు దాదాపు రెట్టింపు. విమానం, వసతి, తిండి ఖర్చులు మళ్లీ మనవే. మా మరిదేమో ‘బీకాంలో చేర్పించి సీఏ చదివించండి వదినా, మిగిలిన డబ్బు పెళ్లికి పనికొస్తుంది’ అంటున్నాడు. పెళ్లి సంగతి సరే, మిగతాది ఆలోచించాల్సిందే. చదివినవాళ్లు, చదివించినవాళ్లు కాస్త చెప్పండి.

బెజవాడ ఆడిటర్:
మీ మరిది గారి మాటలో పెళ్లి తీసేస్తే నాదీ అదే మాటమ్మా. 2023లో సీఏ కొత్త స్కీమ్ వచ్చాక ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ, మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఎంతో కొంత స్టైపెండ్ కూడా వస్తుంది. మా ఆఫీసుకు బీబీఏ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వస్తుంటారు. పీపీటీలు కళ్లు చెదిరేలా చేస్తారు. ట్రయల్ బ్యాలెన్స్ చేతికిస్తే మాత్రం ఎటునుంచి చదవాలో తెలీక బిత్తరపోతారు. ఇంటర్నేషనల్ అని పేరు తగిలించగానే డెబిట్, క్రెడిట్ మారిపోవు. ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) కావాలంటే సీఏ అయ్యాక కూడా చదువుకోవచ్చు.

గోదారి పిల్ల:
ఆడిటర్ గారూ, సీఏ ఎంతమందికి ఎన్ని అటెంప్టుల్లో పూర్తవుతుందో కూడా చెప్పండి మరి 🙂

ఆంటీ, నేను ఇలాంటి కోర్సే చదివాను. ఐదో సెమిస్టర్ ఫ్రాన్స్‌లో, ఒక బిజినెస్ స్కూల్లో. వెళ్లొద్దని చెప్పను. కానీ బ్రోషర్లో ఉండని సంగతులు చెబుతాను.

మొదటిది ఇల్లు. ఫ్రాన్స్‌లో అద్దెకు హామీదారు కావాలంటారు. అక్కడ మనకెవరున్నారు? విసాల్ అని ప్రభుత్వ హామీ ఒకటి ఉంది, యువతకు ఉచితం. అది నాకు మా కాలేజీ వాళ్లు చెప్పలేదు, పక్క గదిలోని మొరాకో అమ్మాయి చెప్పింది. అద్దెలో కొంత సాయం చేసే ‘కాఫ్’ కోసం జనన ధ్రువీకరణ పత్రం అడిగారు. మా మున్సిపాలిటీ కాగితాన్ని, అక్కడి ప్రభుత్వం గుర్తించిన అనువాదకుడి చేత ఫ్రెంచిలోకి మార్పించి ఇవ్వాలి. ఆ డబ్బు నా ఖాతాలో పడేసరికి నేను తిరుగు ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకుంటున్నాను.

రెండోది మార్కులు. అక్కడ 20కి వేస్తారు. 12 వస్తే ఫర్వాలేదు, బాగానే ఉంది అంటారు, 14 వస్తే బాగుంది అంటారు, 17 దాటడమంటే అరుదు. మా యూనివర్సిటీ వాళ్లు 12ని తీసుకొని 60 శాతం అని గీత గీసేశారు. క్లాసులో పైవరసలో ఉన్నదాన్ని, ఆ సెమిస్టర్‌తో సీజీపీఏ కిందికి జారింది. పైగా రెండు సబ్జెక్టులు మన సిలబస్‌తో సరిపోలడం లేదని, తిరిగొచ్చాక ఇక్కడి జూనియర్లతో కూర్చోబెట్టి పరీక్ష రాయించారు. వెళ్లే ముందు లెర్నింగ్ అగ్రిమెంట్‌లో, అంటే అక్కడ ఏ సబ్జెక్టులు చదవాలో రాసుకునే ఒప్పందంలో, అవే సబ్జెక్టులకు ఇదే డిపార్ట్‌మెంట్ సంతకం పెట్టింది.

మూడోదే అసలు విషయం. క్లాసు ఇంగ్లిషులోనే. గ్రూప్ ప్రాజెక్టులో ఐదుగురం, నేనొక్కదాన్నే పరాయిదాన్ని. సూపర్‌మార్కెట్‌లో సొంత బ్రాండ్ పెరుగు డబ్బా ధర ఎంత పెట్టాలి అన్నది మా పని. పాఠం నడిచినంతసేపూ నలుగురూ నాతో చక్కగా ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు. క్లాసు అవగానే కాఫీ మెషీన్ దగ్గర నిలబడి, ఫ్రెంచిలో గబగబా నాలుగు మాటలు అనుకునేవాళ్లు. మర్నాడు చూస్తే ధర మారిపోయి ఉండేది. ఎందుకు మార్చారని అడిగితే ‘నిన్న మాట్లాడుకున్నాం కదా’ అనేవాళ్లు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, మనమూ హైదరాబాద్‌లో ఒక కొరియన్ పిల్లాడిని పక్కన పెట్టుకొని అదే పని చేస్తాం. నాకు కోర్సులో ఫ్రెంచి ఉంది, కానీ ఒక్క సెమిస్టరే, రెండు క్రెడిట్లే. ‘నా పేరు ఫలానా, నాకు పిల్లి లేదు’ దగ్గరే ఆగిపోయింది.

వ్యాపారం నేర్చుకోవడానికి వెళ్లాను, వ్యాపారం జరిగే మాటల దగ్గర మూగదాన్నయ్యాను. కాబట్టి ఆంటీ, బ్రోషర్లో దేశం పేరు కాదు, భాష ఎన్ని సెమిస్టర్లు ఉందో చూడండి.

కరీంనగర్ పోరడు:
అక్కా మంచిగ చెప్పినవ్. గానీ గిదంత పైసలున్నోళ్ల ముచ్చట గదా. మాలాంటోళ్లకు సర్కారు ఓవర్సీస్ స్కీములు ఉన్నయ్, అంబేద్కర్ విద్యానిధి, బీసీలకు ఫూలే పేరు మీద ఒకటి. 20 లక్షల దాకా ఇస్తరు. కానీ డిగ్రీ అయినంక పీజీకో, పీహెచ్‌డీకో పోతెనే. డిగ్రీ మధ్యల ఒక్క సెమిస్టర్ పోతానంటే రూపాయి రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద సదివే పోరగాండ్లు ఎక్స్‌ఛేంజ్ అన్న మాట కూడ ఇనరు. బ్రోషర్ల మాత్రం మెరిట్ ఉన్నోడే పోతడు అని రాసుకుంటరు. మెరిట్ గాదన్నా, నాయిన బ్యాంక్ బ్యాలెన్స్.

బెజవాడ ఆడిటర్:
తమ్ముడు కరెక్టుగా పట్టాడు.

సిలబస్ మాస్టారు:
తమ్ముడి మాటకు నా దగ్గర జవాబు లేదు. అది విధానంలో ఉన్న లోటు. కాకపోతే గుంటూరు అమ్మగారి ప్రశ్నలో ఒక మెలిక ఉంది, అది విప్పాలి.

ఎక్స్‌ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. మన పిల్ల అక్కడికి వెళ్తే, వాళ్ల పిల్లో పిల్లాడో ఇక్కడికి వస్తాడు. ఎవరి ఫీజు వాళ్లు సొంత యూనివర్సిటీలోనే కట్టుకుంటారు, వెళ్లిన చోట ట్యూషన్ ఫీజు ఉండదు. యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ అనే విద్యార్థి మార్పిడి పథకం ఈ సూత్రం మీదే నడుస్తోంది. ఇంగ్లండులో అయితే స్థానిక విద్యార్థి విదేశంలో చదివే ఏడాదికి అక్కడి యూనివర్సిటీ మామూలు ఫీజులో 15 శాతానికి మించి తీసుకోకూడదు. పిల్ల తమ దగ్గర లేని ఏడాదికి తక్కువ తీసుకోవాలన్నది అక్కడి లెక్క. మన దగ్గరేమో పిల్ల ఇక్కడ ఉండని సెమిస్టర్ పేరు చెప్పి నాలుగేళ్లకూ రెట్టింపు. ఇది ఎలా సబబో ఆ యూనివర్సిటీ వాళ్లనే అడగండి. అవతలి నుంచి ఎవరూ రాకుండా మన పిల్లలే వెళ్తుంటే, అది ఎక్స్‌ఛేంజ్ కాదు, సీట్లు కొనుక్కోవడం.

ఇంకొకటి. యూజీసీ 2022 నిబంధనల్లో మూడు రకాలున్నాయి: ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ (రెండు యూనివర్సిటీలూ కలిపి ఇచ్చేది), డ్యూయల్ డిగ్రీ (రెండూ వేర్వేరుగా ఇచ్చేది). ట్విన్నింగ్‌లో బయట సంపాదించే క్రెడిట్లు మొత్తంలో 30 శాతం దాటకూడదు, డిగ్రీ ఇచ్చేది మన యూనివర్సిటీయే. జాయింట్‌లో రెండు చోట్లా కనీసం 30 శాతం చొప్పున చదవాలి. ఎక్స్‌ఛేంజ్ అంటే జాయింట్ డిగ్రీ కాదు, డ్యూయల్ డిగ్రీ కాదు. విదేశీ డిగ్రీ రాదు, అక్కడి నుంచి ఒక మార్కుల కాగితం వస్తుంది, అంతే. కౌన్సెలర్లు ఇవన్నీ ఒకే గంపలో వేసి ‘ఫారిన్ డిగ్రీ అండీ’ అంటారు.

గోదారి పిల్లకు జరిగింది మాత్రం అన్యాయమే. సంతకం పెట్టిన లెర్నింగ్ అగ్రిమెంట్‌ను తర్వాత కాదనడానికి డిపార్ట్‌మెంట్‌కు హక్కు ఉండకూడదు. మార్కుల మార్పిడి పట్టిక ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

గుంటూరు అమ్మ:
మాస్టారూ, ఒక మాట. అక్కడ ఒక సెమిస్టర్ చదివితే ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండనిస్తారని కౌన్సెలర్ అన్నాడట. నిజమేనా?

సిలబస్ మాస్టారు:
కాదమ్మా. జర్మనీ 18 నెలలు ఉండనిచ్చేది అక్కడ డిగ్రీ పూర్తి చేసినవాళ్లకి. ఒక సెమిస్టర్‌కి వెళ్లిన పిల్ల సెమిస్టర్ అవగానే తిరిగి రావాల్సిందే. వీసాకు చూపే డబ్బు మాత్రం తప్పదు. 2025లో జర్మనీ లెక్క నెలకు 992 యూరోలు ఉండేది. ఉన్న నెలలకు లెక్క కట్టుకోండి.

ఎడిసన్ అన్నయ్య:
న్యూజెర్సీ నుంచి. గోదారి పిల్ల చెప్పిన భాష సంగతికి ఒక ఉదాహరణ. ఇక్కడికి దగ్గర్లోనే, ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఉంది. అక్కడి బిజినెస్ స్కూలు వార్టన్‌లో హంట్స్‌మన్ ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది. సరిగ్గా గుంటూరు అమ్మగారు అడిగిన కోర్సే: అంతర్జాతీయ అధ్యయనాల్లో బీఏ, వార్టన్ నుంచి ఎకనామిక్స్‌లో బీఎస్, రెండూ కలిపి. ప్రతి విద్యార్థికీ ఒక భాష ఉంటుంది. చేరేటప్పటికే అందులో కొంత పట్టు ఉండాలి. బయటికొచ్చేలోగా పై స్థాయికి చేరాలి. విదేశంలో సెమిస్టర్ కూడా ఆ భాష మాట్లాడే చోటే చేయాలి. అంటే ప్రయాణం భాష కోసం, భాష చరిత్ర, రాజకీయం అర్థం కావడం కోసం, అవి వ్యాపారం కోసం. ఒకదాన్ని లాగేస్తే మిగతావి నిలబడవు. మన ప్రైవేటు యూనివర్సిటీలు ఇందులోంచి విమానం టికెట్టు ఒక్కటే పట్టుకొచ్చాయి.

అయితే ఆ కోర్సు ఫీజు వింటే మన ఇళ్లల్లో పొలాలు అమ్ముకోవాల్సిందే. అమెరికాలో బిజినెస్ డిగ్రీకి మామూలుగా ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) 12 నెలలే, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి) వాళ్లకొచ్చే అదనపు 24 నెలలు రావు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు అన్నాక సంగతి మీకు తెలిసిందే. ఇక్కడికి పంపమని చెప్పడం లేదు. నమూనా చూడమంటున్నాను, అంతే.

బెజవాడ ఆడిటర్:
భాష, భాష అంటున్నారు. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల ఏ గ్లోబల్ సెంటర్‌కి వెళ్లినా పని మొత్తం ఇంగ్లిషులోనే. జర్మన్ కంపెనీ అయినా మెయిలు ఇంగ్లిషులోనే వస్తుంది. రేపు ఫోనే అనువదించి పెడుతుంది. పిల్లకు ఎక్సెల్, అకౌంట్స్ వస్తే చాలు.

పెనుకొండ:
సార్, మాది కియా పక్క ఊరు. 2019లో కారు బయటికి రాకముందు నుంచే చూస్తా ఉండాము. ఫ్యాక్టరీతో పాటు సామాన్లు సప్లై చేసే కొరియా కంపెనీలు వచ్చినాయి, హోటళ్లు వచ్చినాయి, బోర్డులు కూడా కొరియన్‌లో పెట్టినారు. మీటింగ్ ఇంగ్లిషులోనే సార్, కాదనను. కానీ నిర్ణయం మీటింగ్‌లో జరగదు, అది ఆ పిల్ల చెప్పినట్టు కాఫీ దగ్గర జరుగుతాది. మా పర్చేజ్‌లో బీకాం చదివిన అబ్బాయి ఒకడు సొంతంగా కొరియన్ నేర్చుకున్నాడు. ఇప్పుడు కొరియా మేనేజరు ఏ సప్లయరు దగ్గరికి పోయినా వాన్నే పిల్చుకోని పోతాడు. రేటు మాట్లాడేటప్పుడు పక్కన ఉంటాడు. ఎంబీఏ వాళ్లు బయట కూర్చోని మెయిల్ కోసం ఎదురుచూస్తా ఉంటారు. ఫోను అనువాదం చేస్తాది సార్, కానీ ఫోను ముందు పెట్టుకోని ఎవరూ రేటు తగ్గించరు.

శ్రీసిటీ వైపు పోతే ఇసుజు, డైకిన్, అక్కడ జపనీస్‌కి ఇదే కత. వీటికోసం యూరప్ పోయే పని లేదు.

గోదారి పిల్ల:
పెనుకొండ అన్నా 🙏 నేను పేజీ నిండా రాసింది మీరు నాలుగు ముక్కల్లో చెప్పారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. భాష ఇక్కడే నేర్చుకోవచ్చు, కానీ వెళ్లి ఉంటేనే అది నోటికి వస్తుంది. నాకు ఫ్రెంచి కాస్త పట్టుబడింది ఆఖరి నెలలో, బేకరీలో, కాఫ్ ఆఫీసు క్యూలో. ముందే బీ1 (మధ్యస్థాయి) దాకా చదివి వెళ్లి ఉంటే మొదటి నెలలోనే ఆ పెరుగు డబ్బా ధర మీద గొడవ పెట్టుకునేదాన్ని.

కరీంనగర్ పోరడు:
గదే మరి. భాష ఈడ నేర్సుకోనీకె ఎంత అయితది? దోమలగూడ రామకృష్ణ మఠంల జర్మన్, ఫ్రెంచ్, జపనీస్ అన్ని చెప్తరు, ఫీజు తక్కువనే. హైదరాబాద్‌ల భాషల యూనివర్సిటీ ఇఫ్లూల అయితే డిగ్రీలే ఉన్నయ్. పైసలు లేనోడు గది పట్టాలె.

గుంటూరు అమ్మ:
అందరికీ దండాలు. నిన్న యూనివర్సిటీకి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడిగాను. అక్కడ ట్యూషన్ ఫీజు కట్టాలా అంటే ‘పార్ట్‌నర్‌ని బట్టి ఉంటుంది మేడమ్’ అన్నారు. పోయినేడు అక్కడి నుంచి పిల్లలు ఎవరైనా ఇక్కడికి వచ్చారా అంటే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. మార్కుల పట్టిక మెయిల్ చేస్తామన్నారు, ఇంకా రాలేదు. భాష ఎన్ని సెమిస్టర్లు అంటే, ఒక సెమిస్టర్, ఆప్షనల్.

అమ్మాయితో మాట్లాడాను. సీఏ వద్దంది. ఈ కోర్సు కూడా వద్దులే అంది. బీబీఏ మామూలుదే చేరి, పక్కన జపనీస్ నేర్చుకుంటుందట. ఎందుకు జపనీసే అంటే కార్టూన్ల పేర్లు చెప్పింది, నేను ఇంకేం అడగలేదు. గుంటూరులో నేర్పే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. లేకపోతే విజయవాడ అయినా సరే.

బెజవాడ ఆడిటర్:
విజయవాడలో కనుక్కొని చెబుతానమ్మా. సీఏ ఫౌండేషన్ మాత్రం ఒక్కసారి రాయించి చూడండి, పోయేదేముంది.

గోదారి పిల్ల:
ఆడిటర్ గారూ!!